కాగితం లేని లక్ష

శ్రీరంగప్ప తనంతట తానే వచ్చి వాకిట్లో నిలబడేసరికి మారెమ్మ బెదిరి లేచి నిలబడింది. వడ్డీ కట్టే ఐదో తారీఖుకు ఇంకా పది రోజులుంది. నాలుగేళ్లలో ఆమె ఒక్క నెల తప్పింది లేదు. మరి ఎందుకొచ్చినట్టు?

“ఏమమ్మా మారెమ్మా, బాగుండావా?” అన్నాడాయన.

ఆమె ఇంకా బెదిరిపోయింది. “ఏమ్మే” అని తప్ప ఇంకోలా పిలిచిన మనిషి కాదు.

ముదిగుబ్బలో ఆయనది విత్తనాలు, ఎరువుల అంగడి. దాంతోపాటే వడ్డీ వ్యాపారం. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన దగ్గర అప్పు లేని ఇల్లు తక్కువ. మారెమ్మ భర్త ఐజాక్ తాడిపత్రికి బండల పాలిష్ పనికి పోయినప్పుడు, బండ జారి కాలి మీద పడి ఎముకలు నుజ్జయ్యాయి. ఆస్పత్రి ఖర్చుకు ఆమె శ్రీరంగప్ప దగ్గర ముప్పై వేలు తెచ్చింది. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ. ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకుని, మొదటి నెల వడ్డీ పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి నెలకు పదిహేను వందలు. కలుపు తీసినా, టమాటాలు కోసినా, ఉపాధి పనిలో మట్టి మోసినా ముందు ఆ డబ్బు తీసి పక్కన పెట్టేది. మిగిలినదాంట్లోనే తిండీ గుడ్డా. ఐజాక్ కాలు సగమే బాగైంది. కుంటుతూనే పది గొర్రెలు మేపుతున్నాడు.

శ్రీరంగప్ప అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. ఆ ఇంట్లో ఆయన నీళ్లు తాగడం కూడా అదే మొదలు. చేతిసంచిలోంచి పాత పేపరు చుట్టిన పొట్లం తీసి ఆమె ముందు పెట్టాడు.

“లక్ష రూపాయలు. పెట్టుకో.”

“నాకెందుకు సామీ?”

“వడ్డీ లేదు. సెప్టెంబరు ముప్పై లోపల ఇచ్చేస్తే చాలు. ఐదొందల నోట్లుగా ఇయ్యల్ల, అంతే.”

మారెమ్మ పొట్లం విప్పింది. అన్నీ గులాబి రంగు రెండు వేల నోట్లు. యాభై ఉన్నాయి. వాటిని ఆమె చూసిందే తక్కువ. ఒకసారి కూలి కింద ముగ్గురికి కలిపి ఒక నోటు ఇస్తే, దాన్ని చిల్లర చేయడానికి సగం పూట తిరిగారు.

“వేలిముద్ర ఎయ్యాల్నా సామీ?”

“కాగితం వద్దు. ఎవరన్నా అడిగితే గొర్రెలమ్మిన దుడ్లని చెప్పు.”

అప్పుడు మారెమ్మకు నిజంగా భయమేసింది. కాగితం లేకుండా పది రూపాయలు కూడా ఇవ్వని మనిషి, వాకిట్లోకొచ్చి కాగితం వద్దంటున్నాడు. ఇందులో ఏదో ఉంది. ఏముందో మాత్రం ఆమెకు తెలియలేదు. వద్దందామంటే, పాత అప్పు నోరు నొక్కింది. శ్రీరంగప్ప లేచి దుమ్ము దులుపుకుని పక్కింటికి పోయాడు. ఆ వీధిలో పదకొండు ఇళ్లకు అలాగే పోయి అలాగే పొట్లాలు ఇచ్చాడని సాయంత్రానికి తెలిసింది. చివరింటి తిమ్మక్క దగ్గరికి మాత్రం పోలేదు. మొగుడు పోయాక ఆమె రెండు మూడు నెలలు వడ్డీ తప్పింది.

గొర్రెలు తోలుకొచ్చిన ఐజాక్ నోటు ఒకటి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

“దొంగనోట్లమ్మే ఇవి. మనల్ని జైల్లో ఏయించేదానికే ఇచ్చినాడు.”

“మనల్ని జైల్లో ఏయిస్తే ఆయనకేమొస్తాది?”

“అదే నాకూ అర్థం కాల్యా.”

పక్కింటి కృపాకుమారిని పిలిచారు. ఇంటర్ దాకా చదివిన పిల్ల, మహిళా సంఘం లెక్కలు రాస్తుంది. ఆమె ఇంటికీ ఒక పొట్లం వచ్చింది. ఫోన్లో వార్త చదివి చెప్పింది. రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నారట. సెప్టెంబరు ఆఖరు దాకా బ్యాంకులో ఇచ్చి వేరే నోట్లు తెచ్చుకోవచ్చట. ఒక మాటుకు పది నోట్లు మార్చిస్తారట.

“అంటే ఇవి చెల్లవా?” అంది మారెమ్మ.

“చెల్లుతాయత్తా.”

“చెల్లేదాన్ని ఎందుకు వెనక్కి తీసుకుంటాండారు?”

కృపాకుమారి మళ్లీ ఫోను చూసింది. “అది రాయల్యా ఈడ.”

“చెల్లితే మళ్ల ఆయనెందుకు పంచిపెడతాండాడు?”

“ఆయన దగ్గర శానా ఉండాయేమో. అన్నీ ఒకేసారి బ్యాంకులో ఏస్తే యాడివని అడుగుతారు. మనం తలా పది నోట్లు మారిస్తే ఎవరూ అడగరు.”

ఐజాక్ నోటును మడిచి పొట్లంలో పెట్టేశాడు. “ఏడేండ్ల కింద ఐదొందలూ వెయ్యీ రద్దు చేసినారు. అప్పుడు ఈ గులాబి నోటిచ్చినారు. ఇప్పుడు దీన్ని తీసుకుంటామంటాండారు. రేపు మనం తెచ్చుకునే ఐదొందల నోటు ఉంటాదని ఎవరు చెప్పినారు?”

కృపాకుమారి ఫోను పక్కన పెట్టింది.

మర్నాడు ఇద్దరాడవాళ్లూ ఆటోలో ముదిగుబ్బ పోయారు. బ్యాంకు ముందు ఎండలో వరస. తలల మీద కొంగులు, తువ్వాళ్లు. అంతా ఎవరికి వాళ్లు జాకెట్లో, నడుములో చేయి పెట్టి తడుముకుంటూ ఉన్నారు. ఎవరి ముఖం చూసినా ఆ నోట్లు వాళ్లవి కావని మారెమ్మకు అనిపించింది. తన ముఖం చూసి వాళ్లూ అలాగే అనుకుంటున్నారేమో.

కిటికీ దగ్గర గుమాస్తా నోట్లు లెక్కపెట్టి తలెత్తాడు.

“ఎవరివి ఇవి?”

“నావే.” ఇరవై వేల రూపాయలను తనవి అని చెప్పడం ఆమె జన్మలో అదే మొదలు.

“ఎట్ల వచ్చాయి?”

“గొర్రెలమ్మినా సార్.”

“ఎన్ని?”

“రెండు.”

“రెండు గొర్రెలకు ఇరవై వేలా?”

మారెమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక నుంచి కృపాకుమారి, “పొట్టేళ్లు సార్. బాగా మేపినవి,” అంది. గుమాస్తా ఒక క్షణం ఇద్దర్నీ చూసి, ఐదువందల నోట్లు నలభై తీసి తోశాడు.

అలా మూడు మాట్లు పోయింది. తన ఖాతాలో వేద్దామంటే మళ్లీ తీసుకోనిస్తారో లేదోనని భయం. అందుకే నోటుకు నోటు మార్చుకుని, ఐదువందల కట్టలు బియ్యం డబ్బాలో దాచింది. అరవై వేలయ్యాయి. ఇంకా ఇరవై నోట్లు మిగిలాయి. ఇంతలో ఐదో తారీఖు దగ్గరపడింది. ఈ తిరుగుళ్లలో మూడు దినాల కూలి పోయింది. వడ్డీకి వెయ్యి రూపాయలే పోగయ్యాయి.

ఆదివారం ప్రార్థన అయ్యాక కృపాకుమారి ఇంటి ముందు కూర్చుని ఆమె అడిగింది. “నీ దగ్గర ఐదొందలుంటే బదులియ్యి కృపా. పొద్దున వడ్డీ కట్టల్ల.”

“ఇస్తాలే అత్తా.”

మారెమ్మ కాసేపు నేల గీస్తూ కూర్చుంది. తర్వాత, “నాకొకటి తెలీల్యా. నవ్వద్దు,” అంది. “ఇంట్లో ఆయన దుడ్లు అరవై వేలు ఉండాయి. దానికి వడ్డీ లేదు. ఆయనకే నేను ముప్పై వేలు ఇయ్యల్ల. దానికి ఐదు రూపాయల వడ్డీ. అవీ ఆయన దుడ్లే, ఇవీ ఆయన దుడ్లే. దానికెందుకు వడ్డీ, దీనికెందుకు లేదు?”

కృపాకుమారి నవ్వలేదు. చేతిలోని బీడీ ఆకుల చేట పక్కన పెట్టింది.

“అత్తా, ఆ అరవై వేలల్లోంచి ముప్పై తీసుకుపోయి పాత అప్పు కట్టెయ్యి.”

“ఆయన దుడ్లు ఆయనకే కట్టేదా?”

“సెప్టెంబరు దాకా అవి నీ దుడ్లే కదా. ఆయనే చెప్పినాడు.”

“మళ్ల సెప్టెంబరుకు లక్ష నిండల్ల కదా? ముప్పై తక్కువైతాది కదా?”

“తక్కువైతాది. నాలుగు నెలల్లో నువ్వు సంపాదించల్ల. కానీ వడ్డీ ఉండదు.”

మారెమ్మ వేళ్ల మీద లెక్క వేసింది. ముప్పై బాకీ ఉంది. ముప్పై కడితే, ముప్పై బాకీ ఉంటుంది. ఏమీ మారలేదు. కానీ నెలకు పదిహేను వందలు మిగులుతోంది. అదెక్కడి నుంచి వస్తోంది? ఎవరి జేబులోంచి పోతోంది? మళ్లీ వేసింది. మళ్లీ అదే వచ్చింది. తాను దొంగతనం చేయబోతోందా, తన నెత్తిన జరుగుతున్నది ఆపబోతోందా అన్నది మాత్రం ఆ వేళ్లకు తేలలేదు.

మర్నాడు ఆమె అంగడికి పోయేసరికి అక్కడ ఎర్రన్న కూర్చుని ఉన్నాడు. ఆయన పెద్ద రైతు, ఒక పార్టీలో తిరిగే మనిషి. వేరుశనగ విత్తనాల ధర బేరమాడుతున్నాడు. శ్రీరంగప్పతో మాటలు ఉన్నాయి గానీ మనసులో పడదని ఊరంతటికీ తెలుసు. మారెమ్మ గడప దగ్గర నిలబడింది.

“తెచ్చినావామ్మే?” అన్నాడు శ్రీరంగప్ప, చేయి చాపుతూ.

ఆమె కొంగుముడి విప్పి అరవై నోట్లు బల్ల మీద పెట్టింది. “తెచ్చినా సామీ. అసలు ముప్పై వేలు. మొన్న దాకా వడ్డీ అంతా కట్టేసినా. ఈ నెలది పదిహేను వందలు కూడా ఇదిగో. ప్రోనోటు ఇచ్చేయి సామీ.”

శ్రీరంగప్ప చేయి గాల్లోనే ఆగింది.

“అసలా? నీకు యాడివీ...” అని నాలుక కరచుకున్నాడు.

ఎర్రన్న కుర్చీలో ముందుకు జరిగాడు. “శభాష్ మారెమ్మా! యాడ సంపాదించినావు?”

మారెమ్మ శ్రీరంగప్ప ముఖం చూసింది. “గొర్రెలమ్మినా,” అంది.

“కాగితం ఇచ్చేయప్పా శ్రీరంగప్పా. ఆడమనిషి అసలు తెచ్చి బల్ల మీద పెడితే ఇంకా చూస్తాండావే,” అన్నాడు ఎర్రన్న.

శ్రీరంగప్ప లేచి ఇనప్పెట్టె తెరిచాడు. కాగితాల కట్ట తీసి వెతికాడు. వెతుకుతున్నంతసేపూ ఆయన మెడ వెనక చెమట కారడం మారెమ్మ చూసింది. ప్రోనోటు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేలిముద్ర దాని మీద రెవెన్యూ స్టాంపు మీదుగా నల్లగా ఉంది. చింపేయాలని తెలుసు. అయినా చింపలేదు. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఎర్రన్న పోయేదాకా శ్రీరంగప్ప ఆమెను కూర్చోబెట్టాడు. ఎర్రన్న అలా గుమ్మం దాటగానే, “అది నా దుడ్డే కదమ్మే!” అని పళ్లు కొరికాడు.

“నీదే సామీ. అప్పు కూడా నీదే. తప్పయితే చెప్పు, మళ్ల కాగితం ఇచ్చేస్తా. నాకు నిజంగా తెలీదు.”

ఆమె ఎగతాళి చేయడం లేదని ఆయనకు అర్థమైంది. అందుకే తిట్టలేకపోయాడు. క్యాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నాడు. ఇచ్చింది లక్ష. వచ్చింది ముప్పై, అదీ తాను కోరిన ఐదువందల నోట్లలోనే. రావలసింది లక్ష. పాత అసలు జమ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చెరిపి మళ్లీ కొట్టాడు.

“యాడనో నష్టం ఉండాది,” అన్నాడు తనలో తాను. “యాడనో కనపడల్యా.”

“మిగిలిన డెబ్బై ఈ వారంలో తెచ్చిచ్చేస్తా సామీ. ముప్పై మాత్రం సెప్టెంబరుకిస్తా.”

“ముప్పైకి వడ్డీ?”

“వద్దన్నావు కదా సామీ, మా అరుగు మీద కూర్చుని.”

ఆయన క్యాలిక్యులేటరు బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

ఆ మాట వీధిలో ఎలా పాకిందో గానీ, పదిహేను దినాల్లో ఇంకా ఏడుగురు ఆడవాళ్లు అలాగే పోయి పాత అప్పులు కట్టేసి కాగితాలు తెచ్చుకున్నారు. కృపాకుమారి ఇంట్లో ఆరు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు కూడా తీరిపోయింది. కాదనడానికి శ్రీరంగప్పకు లేదు. మార్చాల్సిన పొట్లాలు ఇంకా ఎన్నో ఆయన దగ్గర ఉన్నాయి. గట్టిగా అరిస్తే ఆ మాట ఎర్రన్న దాకా, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోతుంది.

ఒక పొద్దు ఆయనే బండి వేసుకుని వీధిలోకి వచ్చాడు. దిగకుండానే కేకవేశాడు.

“కృపాకుమారీ, నువ్వే కదమ్మే నేర్పిచ్చింది? బాగా నేర్పిచ్చినావు. రేపు ఒకరికి కాలు విరుగుతాది, ఒకరికి కాన్పు కష్టమైతాది. అప్పుడు యాడికి పోతారు? నా అంగడి గడప ఎక్కరా? అప్పుడు చూస్తా.”

బండి తిప్పుకుని పోయాడు. అంతదాకా కాగితాలు తెచ్చుకున్న సంతోషంలో ఉన్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన అన్నది బెదిరింపే, కానీ అబద్ధం కాదు. బ్యాంకు వాళ్లు అర్ధగంటలో ముప్పై వేలు ఇవ్వరు. ఐజాక్ కాలు విరిగిన పూట ఇచ్చింది ఈయనే. అప్పు తీరినందుకు సంతోషించాలో, అప్పు పుట్టే చోటు పోయినందుకు దిగులుపడాలో మారెమ్మకు తెలియలేదు. ఆ పొద్దు సంగటి కెలుకుతూ రెండుసార్లు ఉప్పు వేసింది.

మాట ప్రకారం డెబ్బై వేలు జూన్‌లోనే ఇచ్చేసింది. ఇక మిగిలింది ముప్పై. దానికి కాగితం లేదు. సాక్షి లేడు.

ఆ ఏడు జూలైలో నాలుగు చినుకులు పడ్డాయి. నమ్మి అందరూ విత్తారు. ఆగస్టంతా మబ్బు కూడా కనబడలేదు. వేరుశనగ మొక్క అరచేయంత ఎత్తులోనే మాడిపోయింది. కలుపు తీసే పని లేదు. గడ్డి లేక గొర్రెల పక్కటెముకలు తేలాయి. అయినా మారెమ్మ అలవాటు తప్పకుండా నెలనెలా పదిహేను వందలు పక్కన పెట్టింది. నాలుగు నెలలకు ఆరు వేలు.

సెప్టెంబరు సగానికి ఆమె, “నాలుగు గొర్రెలమ్ముతా,” అంది.

ఐజాక్ కట్టెను నేలకేసి కొట్టాడు. “ఎవరికియ్యను? ఆ ముసలోడికా? నాలుగేండ్లల్లో డెబ్బై రెండు వేలు తిన్నాడమ్మే వాడు! ముప్పై ఇచ్చి డెబ్బై రెండు తిన్నాడు. ఇంకా ముప్పై ఇస్తావా? కాగితముండాదా? ఎవరన్నా చూసినారా?”

“ఎవరూ చూడల్యా.”

“మళ్ల?”

“మళ్ల అంటే... ఇస్తానని చెప్పినా కదా.”

“నువ్వు చెప్పినావు. వాడు వినినాడు. అంతే కదా ఉండేది?”

“అంతే ఉండాది,” అంది మారెమ్మ. “కాగితముంటే ఎగ్గొట్టినా కాగితానికి ఎగ్గొట్టినట్టుంటాది. ఇది నా నోట్లో ఉండాది. నేను దీన్నేం చేయాలో నాకు తెలీల్యా.”

కృపాకుమారిని అడిగితే, “నీ ఇష్టం అత్తా. నేనైతే కట్టను,” అంది. మిగిలినవాళ్లలో కొందరు అప్పటికే ఆ మాట మీదున్నారు. ఒకామె మాత్రం కట్టేసి, కట్టినట్టు ఎవరికీ చెప్పొద్దని మారెమ్మతో చెప్పింది. ఎగ్గొట్టడానికి సిగ్గుపడాలో కట్టడానికి సిగ్గుపడాలో తెలియని కాలమది.

కరువులో గొర్రెల ధర పడిపోయింది. ఎనిమిది వేలు పలికే గొర్రె ఆరుకు దిగింది. నాలుగింటికి ఇరవై నాలుగు వేలు వచ్చాయి. ఐజాక్ ఆమెతో మాట మానేశాడు. సంగటి తిని చేయి కడుక్కుని మిగిలిన ఆరు గొర్రెలతో పోయేవాడు.

ఇరవై ఏడో తారీఖున మారెమ్మ అంగడికి పోయింది. విత్తనాలు అమ్ముడుపోక మూటలు గోడకు పేర్చి ఉన్నాయి. అరువుకు తీసుకుపోయిన రైతులెవరూ ఇటు రావడం లేదు. శ్రీరంగప్ప గడ్డం పెంచి ఉన్నాడు. డబ్బు తీసుకుని, వేలు తడుపుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టాడు.

“సరిపోయింది,” అన్నాడు. ఆ తర్వాత డబ్బు పెట్టెలో పెట్టకుండా అలాగే పట్టుకుని, “ఎందుకు కట్టినావమ్మే?” అని అడిగాడు.

“ఇయ్యల్ల కదా సామీ.”

“కాగితం లేదు కదా. మీ వీధిలో ఎనిమిది మంది ముప్పైలు, ఇరవైలు పెట్టుకున్నారు. అందులో నువ్వు రెండో దానివి వచ్చింది.”

మారెమ్మ ఎదురు అడిగింది. “కాగితం లేకుండా నువ్వెందుకిచ్చినావు సామీ? మాకెందుకిచ్చినావు? నీకు అన్నదమ్ములుండారు, పెద్ద పెద్దోళ్లు తెలుసు.”

శ్రీరంగప్ప రోడ్డు వైపు చూశాడు. ఒక సిమెంటు లారీ పోయింది.

“ఐదొందలూ వెయ్యీ రద్దయినప్పుడు మా తమ్మునికిచ్చినా. ఆరు లక్షలు. మార్చిస్తానని పట్టుకుపోయినాడు. ఇంతవరకూ మాట లేదు, మనిషి లేడు. ఎదురుపడితే పక్కకు తిరుక్కుని పోతాడు. ఈసారి నెలల తరబడి ఆలోచించేదానికి టైము లేకపాయ. ఎవరికిద్దామని పద్దు పుస్తకం తీసి చూసినా. ఒక్క నెల తప్పనోళ్ల పేర్లన్నీ మీ వీధివే.” ఆగి, తానే ఆశ్చర్యపోయినట్టు అన్నాడు. “నాకప్పుడూ అర్థం కాల్యా. ఇప్పుడూ అర్థం కాల్యా.”

టీ తెప్పించాడు. ఇద్దరూ పేపరు గ్లాసుల్లో తాగారు. ఆమె అరుగు అంచునే కూర్చుంది. ఆయన లోపలికి రమ్మని అనలేదు. లేచి పోతుంటే, “అవసరమైతే రా మారెమ్మా,” అన్నాడు. కాస్త తడబడి, “నీకైతే మూడు రూపాయలకే ఇస్తా,” అని కలిపాడు.

దారి పొడుగునా ఆమె ఆ మాటను తిప్పి తిప్పి చూసుకుంది. అది మంచి మాటేనా? అవుననే అనిపించింది. మరి ఎందుకో కోపం కూడా వస్తోంది.

ఐజాక్ చలికాలంలో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంట్లో అప్పు లేదన్న సంగతి అతనికి మెల్లగా రుచి తెలిసింది. అతని కాలికి వచ్చే వికలాంగుల పింఛను డబ్బు నెల ఆఖరుకు కూడా కొంత మిగిలేది. మారెమ్మ మాత్రం పదిహేను వందలు తీసి పక్కన పెట్టడం మానలేదు. ఎవరికీ కట్టనక్కర్లేని డబ్బు డబ్బాలో పడుతూనే ఉంది. జనవరి ఆఖరుకు ఆరు వేలయ్యాయి. ఒక గొర్రె పిల్లను కొందామని ఇద్దరూ అనుకున్నారు.

అప్పుడే చివరింటి తిమ్మక్క వచ్చింది. కూతురికి ముదిగుబ్బలో టైలరింగ్ మిషను బేరం కుదిరిందట. పాతదే, ఐదు వేలు. రెండు దినాల్లో ఇవ్వకపోతే ఇంకొకరు పట్టుకుపోతారట.

“శ్రీరంగప్ప గడప తొక్కనీడు. నీ దగ్గరుండాయని ఐజాకన్న చెప్పినాడు. ఇయ్యక్కా. నెలనెలా వడ్డీ కట్టేస్తా.”

మారెమ్మ లోపలికి పోయి డబ్బా తీసి ఐదు వేలు తెచ్చింది. తిమ్మక్క చేతిలో పెడుతూ, “వడ్డీ వద్దులే. ఉన్నప్పుడియ్యి,” అంది.

తిమ్మక్క ముఖం వాడిపోయింది. డబ్బు తీసుకున్న చేయి ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

“ఎందుకక్కా వద్దంటాండావు? నేను కట్టలేననా?”

“అట్ల కాదే.”

“మళ్ల? వడ్డీ లేకుండా తీసుకుంటే నేను నీకేమైతా? రేపు నీ గొర్రెల దొడ్డి ఊడ్చమంటే ఊడ్చల్ల, నీళ్లు తెమ్మంటే తేవల్ల. కాదనేదానికి నాకు నోరుంటాదా? వడ్డీ కడితే నేను తలెత్తుకుని నీ వాకిట్లోకొస్తా. పెట్టక్కా వడ్డీ. ఎంతో ఒకంత పెట్టు.”

మారెమ్మ అరుగు మీద కూర్చుంది. నాలుగేళ్లు వడ్డీ కట్టింది తాను. దాని బరువు తనకు తెలుసనుకుంది. వడ్డీ లేని డబ్బుకూ బరువుంటుందని తిమ్మక్క చెబుతోంది. శ్రీరంగప్ప తీసుకున్న ఐదు రూపాయల వడ్డీ నోటికొచ్చింది. ఆయనే దయతో చెప్పిన మూడు కూడా వచ్చింది. రెండూ వద్దనుకుంది. కృపాకుమారిని పిలుద్దామా అనుకుంది. ఆ పిల్లకు మాత్రం ఏం తెలుసు?

“సంఘంలో వడ్డీ ఎంతే?” అని అడిగింది చివరికి.

“రూపాయి.”

“అయితే రూపాయియ్యి.”

“రూపాయా?” తిమ్మక్క అనుమానంగా చూసింది. ఐదు వేలకు నెలకు యాభై. వేళ్ల మీద లెక్కపెట్టుకుని చూసుకుంది. తల ఊపింది. “కాగితం రాసుకుందామా?”

“నాకు రాయను రాదు, నీకు చదవను రాదు.”

తిమ్మక్క నవ్వింది. డబ్బు కొంగున ముడేసుకుని చివరింటి వైపు నడిచింది. మారెమ్మ డబ్బాలో మిగిలిన వెయ్యి రూపాయలను ఒకసారి చూసుకుని మూత పెట్టింది. గొర్రె పిల్ల సంగతి ఐజాక్‌కు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, గొర్రెలకు నీళ్లు తోడటానికి పోయింది.